శనివారపు మంచిమాట

ఆ బడిలో మూడో తరగతి చెప్పే ఆవిడకి పిల్లలు పెట్టిన పేరు నిచ్చెన టీచరు. ఆ పేరు పెట్టిన పిల్లలకి ఇప్పుడు చెంపలు నెరుస్తూ ఉండాలి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆవిడ అదే గదిలో అదే మూడో తరగతి చెబుతోంది. పై తరగతి తీసుకోమని ఎంతమంది హెడ్మాస్టర్లు అడిగినా ససేమిరా అంది. ఎనిమిదేళ్ల పిల్లలయితే చెప్పిన మాట వింటారట, తొమ్మిదో ఏడు రాగానే ఎందుకూ ఏమిటీ అని అడగడం మొదలుపెడతారట. నిజమే, ఆవిడని ఎందుకూ ఏమిటీ అని అడిగినవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు.

వారానికి ఆరు రోజులు, ఆరు పనులు. సోమవారం డిక్టేషన్. మంగళవారం ఒక్కొక్కరే లేచి ఎక్కాలు అప్పజెప్పాలి. బుధవారం పటం గీయాలి, ఇంటి నుంచి బడికి వచ్చే దారో, బడి ఆవరణో. గురువారం చదివిన కథ సొంత మాటల్లో చెప్పాలి. శుక్రవారం పరీక్ష. శనివారం నిచ్చెన. ఎండలు మండినా, వానకి కప్పు కారినా ఈ వరస మారింది లేదు. ఆవిడ పెళ్లయిన ఐదో ఏట మొగుడు పోతే, నాలుగు రోజులు సెలవు పెట్టి, సరిగ్గా శుక్రవారం పరీక్షకి వచ్చి కూర్చుందని చెప్పుకుంటారు.

నిచ్చెన అంటే వెనక గోడ మీద ఆకుపచ్చ రంగుతో వేసిన బొమ్మ. పన్నెండు మెట్లు, మెట్టుకి మూడేసి మేకులు. క్లాసులో ముప్ఫై మంది ఉంటే ముప్ఫై అట్టముక్కలు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. వారంలో వచ్చిన మార్కులు కూడి శనివారం పొద్దున్నే అట్టముక్కలు పైకీ కిందకీ మార్చేది. అందరికన్నా తక్కువ వచ్చినవాళ్లకి మెట్టే ఉండదు. నిచ్చెన కింద, గచ్చుకి జానెడు ఎత్తులో ఒంటరి మేకు ఒకటుంది, దానికి తగిలించేది. ఆ చోటుని అందరూ నేల అనేవాళ్లు. నేలకి దిగినవాళ్లు వచ్చే వారమంతా టీచరు బల్ల పక్కన, చెత్తబుట్టని ఆనుకుని, పొట్టి పీట మీద క్లాసుకి ఎదురుగా కూర్చోవాలి. రోజూ బడిలోని పుస్తకాల కొట్టుగదికి వెళ్లి సుద్దముక్కలు తేవాలి.

ఇంతవరకూ పోనీలే అనుకోవచ్చు. అసలు వడ్డన శనివారం చివరి గంటలో ఉండేది. దాని పేరు మంచిమాట. నేల మీద ఉన్న పిల్లని గది మధ్యలో నిలబెట్టి, తక్కిన ఇరవై తొమ్మిది మందీ వరసగా లేచి ఆ పిల్లలో ఒక లోపం చెప్పాలి. నీ రాత కోడి గీరినట్టుంది. నీ ముక్కు ఎప్పుడూ కారుతుంది. నీ పక్కన కూర్చోవాలంటే నాకు సిగ్గు. అంతా ఆ పిల్ల బాగు కోసమే. అన్నీ విన్నాక ఆ పిల్ల చెప్పాల్సిన మాట ఒక్కటే: "చెప్పినందుకు థాంక్స్. నేను చెప్పేదేం లేదు." ఇంకో మాట ఎత్తడానికి వీల్లేదు. నేల మీద ఉన్నవాళ్లు ఎవరికీ మంచిమాట చెప్పకూడదు, తమ తరఫున ఒక్క ముక్క మాట్లాడకూడదు.

వారం మధ్యలో ఎవరి తప్పు కనపడినా ఆవిడ వెంటనే అరిచేది కాదు. అప్పటికప్పుడు అరిస్తే సగం మందికే తెలుస్తుంది, శనివారం దాకా దాచి అందరి ముందూ చెబితే ఆ మనిషి జన్మలో మరిచిపోదు అనేది. ఆ ముక్క మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం. ఆ గదిలోంచి వెళ్లినవాళ్లెవరూ ఏదీ మరిచిపోలేదు.

ఇలాంటి మనిషికి మూడేళ్ల కిందట చెవులు మూసుకుపోవడం మొదలైంది. ముందు పిట్టల అరుపులు పోయాయి, తర్వాత గది అవతలి మాటలు. ఆవిడా, బట్టలు కుట్టే చెల్లెలూ ఒకే ఇంట్లో రెండు గదుల్లో ఉండేవాళ్లు. ముందు గదిలో మిషన్ నడుస్తోందో లేదో ఆవిడకి బల్ల మీద చెయ్యి ఆనిస్తే తప్ప తెలిసేది కాదు. చెవి డాక్టరు దగ్గరికి పోదాం పద అక్కా అని చెల్లెలు నెత్తీ నోరూ కొట్టుకుంది. నువ్వే గొణుగుతున్నావు, నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడితే ఎవరికి అర్థమవుతుంది అని అక్క కసిరేది. చెవిటివాడి ముందు శంఖం ఊదడం నావల్ల కాదని చెల్లెలు ఒక దండం పెట్టి ఊరుకుంది.

ఆవిడ భయం చెవుల గురించి కాదు, ఆ గది గురించి. ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. ఆ రెండేళ్లూ మూడో తరగతి గుమ్మం దాటకుండా గడిచిపోతే చాలని ఆవిడ కోరిక. అంతకుముందు డ్రాయింగు మాస్టారికి చూపు మందగిస్తే ఆయన్ని పుస్తకాల కొట్టులో కూర్చోబెట్టారు. పాత అట్లాసులూ విరిగిన భూగోళాలూ ఉండే చీకటి కొట్టది. ఆరు నెలలు తిరక్కుండానే ఆ మనిషి మంచం పట్టి పోయాడు. కనపడని మనిషికి క్లాసెందుకు అని స్టాఫ్‌రూములో అందరికన్నా ముందు అన్నది మన టీచరే. అన్న నోటితోనే ఇప్పుడు తన సంగతి ఎలా బయటపెడుతుంది?

బయటపెట్టకుండా నెట్టుకొచ్చింది, అందులో దిట్ట. ఎదురుగా నిలబడి మొహం చూసి మాట్లాడితే పెదాలు చూసి ముప్పాతిక వంతు పట్టేసేది. సోమవారం చదివేది తనే, శుక్రవారం అంతా కాగితం మీదే, బుధవారం పటాలకి చెవులతో పని లేదు. చిక్కల్లా మంగళవారం, గురువారం. ఎక్కాలు ఊపులో తడుముకోకుండా వచ్చాయంటే కరెక్టు, మధ్యలో ఆగితే తప్పు, అని తనకి తనే ఒక కొలత పెట్టుకుంది. కథ చెప్పేటప్పుడు క్లాసు మొహాలు చూసి మార్కులు వేసేది. మూడేళ్లు ఎవరికీ అనుమానం రాలేదు.

అనుమానం మొదట వచ్చింది నత్తకి. నత్త అంటే ఆ ఏడు మూడో తరగతిలో ఉన్న ఒక పిల్ల. ఏ పనైనా ఆలోచించి ఆలోచించి చేస్తుందని తోటి పిల్లలు పెట్టిన పేరది. బడి తెరిచిన రెండో శనివారమే నేలకి దిగింది. ఇరవై తొమ్మిది మంచిమాటలూ విన్నాక థాంక్స్ చెప్పబోతే గొంతులో ఏడుపు అడ్డం పడి మాట పెగల్లేదు, ఉత్త పెదాలు కదిలాయి. ఇప్పుడు వీపు పగులుతుందనుకుని కళ్లు మూసుకుంది. టీచరు మాత్రం తల ఊపి, స్పష్టంగా చెప్పావు, కూర్చో అంది.

ఆ పిల్ల ఆ వారమంతా చెత్తబుట్ట పక్కన కూర్చుని ఆ సంగతే ఆలోచించింది. మరుసటి శనివారం కావాలనే గొంతు కలపకుండా పెదాలు కదిపింది. టీచరు మళ్లీ తల ఊపింది. ముందు బెంచీ పిల్లలు ఊరుకుంటారా, మూడో వారానికి వాళ్లూ కనిపెట్టేశారు. ఆ మంగళవారం ఏడో ఎక్కం అప్పజెబుతూ ముందు బెంచీ పిల్లవాడొకడు, మొహం ముడుచుకుని, చేతులు కట్టుకుని, ఏమాత్రం తడబడకుండా, "ఏడెనిమిదులు మా తాత మీసం, ఏడు తొమ్మిదులు మా బామ్మ గడ్డం" అన్నాడు. టీచరు బాగుందని పదికి పది వేసింది.

అక్కడినుంచి మంగళవారం కోసం పిల్లలు కళ్లలో వత్తులు వేసుకుని ఎదురు చూసేవాళ్లు. నవ్వు ఆపుకోలేనివాళ్లు దగ్గు నటించేవాళ్లు. గురువారాలు టీచరు ముక్కు గురించీ, నడక గురించీ కథలల్లి, చివర్లో కళ్లు తుడుచుకుని కూర్చునేవాళ్లు, ఆవిడ కూడా కళ్లు తుడుచుకుని ఎంత బాగా చెప్పారర్రా అనేది. పిల్లలు దేవుళ్లంటారు చూడండి, అనేవాళ్లని తీసుకొచ్చి ఒక్క గురువారం ఆ గదిలో కూర్చోబెట్టాలి.

నత్త మాత్రం నిజం ఎక్కాలే చెప్పేది. ఏడెనిమిదులు దగ్గర ఆగి, వేళ్లు ముడిచి, ఆలోచించి, యాభై ఆరు అనేది. ఆగిందంటే టీచరు లెక్కలో తప్పు. సున్నా. వాగినవాళ్లందరికీ పదికి పది, సరిగా చెప్పిన పిల్లకి సున్నా. నేల మీంచి ఇక అది లేచే దారేది? వరసగా తొమ్మిది శనివారాలు ఇరవై తొమ్మిదేసి మంచిమాటలు విని, తొమ్మిది సార్లు పెదాలు కదిపి ఊరుకుంది.

ఆ ఏడే బడికి కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. కొత్తవాడేం కాదు, ఆవిడ చేతికింద మూడో తరగతి చదివినవాడే. చదివేటప్పుడు నేల మీద ఎన్ని వారాలున్నాడో ఆవిడకి గుర్తు లేదు కానీ అతనికి వేళ్ల మీద లెక్క. పద్నాలుగు. పగ తీర్చుకోవడానికే వచ్చాడని తక్కిన టీచర్లు గుసగుసలాడారు. వాళ్లకేం తెలుసు, అతను ఆవిడని నెత్తిన పెట్టుకునేవాడు. ఆ పొట్టి పీటే నన్ను మనిషిని చేసింది అనేవాడు, కళ్లలో నీళ్లు తెచ్చుకుని. పగబట్టినవాడైతే ఏదో ఒకనాటికి చల్లబడతాడు, ఇలాంటి భక్తుడితో వేగడం కష్టం.

ఆ భక్తితోనే స్టాఫ్‌రూము గోడ మీద కూడా ఆకుపచ్చ నిచ్చెన వేయించాడు. టీచర్లు ఏడుగురికీ అట్టముక్కలు. శుక్రవారం ఒకరి క్లాసుని ఇంకొకరు నోటితో పరీక్ష చెయ్యాలి, దాన్నిబట్టి శనివారం మెట్లు. నేలకి దిగినవాళ్లకి సాయంత్రం అందరూ మంచిమాట చెప్పాలి. ఇదంతా నువ్వు పెట్టిన చిచ్చేనమ్మా అన్నట్టు తక్కిన ఆరుగురూ నిచ్చెన టీచరు వంక కొరకొరా చూశారు. ఆవిడ మాత్రం పొంగిపోయింది. ఇంకొకరి క్లాసుని పరీక్షించడానికి ఆగితే తప్పన్న తన కొలత ఉండనే ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్లకి తన పని విలువ ఒకడు తెలుసుకున్నాడని ఇంటికి పోయి చెల్లెలితో పదిసార్లు చెప్పింది.

పొంగు ఎన్నాళ్లుంటుంది? మీసాలూ గడ్డాలూ అప్పజెప్పి అప్పజెప్పి మూడో తరగతి పిల్లలు అసలు ఎక్కాలు ఎప్పుడో మరిచిపోయారు. పక్క టీచరు అడిగితే బిక్కమొహాలు వేశారు. ఆవిడ అట్టముక్క వారానికో మెట్టు దిగుతూ వచ్చింది. ఎందుకు దిగుతోందో ఆవిడకి అంతు పట్టలేదు. తన దగ్గర పదికి పది తెచ్చుకునే పిల్లలు ఇంకొకరి దగ్గర నోరు తెరవరేమిటి? ఆ టీచర్లే కుళ్లుతో కావాలని తిప్పి అడుగుతున్నారని నమ్మింది.

సంగతేమిటో చూద్దామని హెడ్మాస్టరు ఒక మంగళవారం వచ్చి వెనక బెంచీలో, నిచ్చెన కిందే కూర్చున్నాడు. హెడ్మాస్టరు ఉన్నాడని పిల్లలు తగ్గుతారనుకున్నారా? మొదటి ఇద్దరూ భయపడ్డారు, మూడోవాడు తెగించాడు, ఆపైన ఇక అడ్డూ ఆపూ లేదు. ఏడెనిమిదులు తాత మీసం అయింది, ఎనిమిది తొమ్మిదులు టీచరు కళ్లజోడయింది. ఆవిడ చిరునవ్వుతో మార్కులు వేస్తూ, ఎలా చెబుతున్నారో చూశావా అన్నట్టు మధ్యమధ్యలో అతని వైపు చూసింది. అతను నవ్వలేదు, పిల్లల్ని గద్దించలేదు, ఆవిడ దగ్గరికి వెళ్లి చెవిలో ఒక మాట కూడా చెప్పలేదు. కనపడిన తప్పుని శనివారం దాకా దాచాలని నేర్పింది ఆవిడే కదా. జేబులోంచి కాగితం తీసి రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ శనివారం ఆవిడ అట్టముక్క నేలకి దిగింది.

సాయంత్రం స్టాఫ్‌రూములో పొడుగు బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. నెత్తిమీద పాత ఫ్యాను తిరుగుతోంది, అది ఎంత గోల పెడుతుందో ఆవిడకి తప్ప అందరికీ తెలుసు. ఆరుగురూ తలో మంచిమాట చెప్పారు. మొహాలు చూస్తూ సగం పట్టింది. మీ పద్ధతి పాతబడింది అని ఒకరు, మీకు ఎవరి మాటా లెక్క లేదు అని ఒకరు. కొత్తగా చేరిన చిన్న టీచరు ఏదో అని ఎర్రబడింది. ఆవిడ ప్రతిదానికీ నిబ్బరంగా తల ఊపింది. చూడండి మంచిమాట ఎలా తీసుకోవాలో అని ఆవిడ మనసులో ఉంది.

ఆఖరున హెడ్మాస్టరు లేచాడు. తన టీచరుని మొహం మొహం చూస్తూ అనలేక తల బాగా వంచుకుని, కాగితంలోకి చూసి చదివాడు. వినపడని మనిషికి వినపడదన్న సంగతి కిందకి చూస్తూ చదివి వినిపించిన బుద్ధిమంతుణ్ణి మీరెక్కడైనా చూశారా? బల్లకి అటూ ఇటూ ఉన్నాం, ఇంత దగ్గర్నుంచి వినపడకేం చేస్తుందని అతని ధీమా. ఆవిడకి అతని పాపిడి మాత్రం కనపడింది. చాలాసేపు చదివాడు. ఆగాడు. తల ఎత్తకుండానే ఏదో అడిగాడు. గదిలో అందరి చూపూ ఆవిడ మీదికి తిరిగింది. తన వంతు వచ్చిందని ఆవిడకి అర్థమైంది.

"చెప్పినందుకు థాంక్స్. నేను చెప్పేదేం లేదు."

అతను మళ్లీ ఏదో అన్నాడు, ఈసారి కాస్త తడబడుతూ. పాఠం అప్పజెప్పించుకుంటున్నాడు కాబోలనుకుని, ఆవిడ ఇంకా గట్టిగా, ఇంకా నిటారుగా కూర్చుని అదే మాట మళ్లీ చెప్పింది. అతను కాగితం మడిచి కళ్లు తుడుచుకున్నాడు. చిన్న టీచరు కూడా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికి వెళ్లి ఆవిడ చెల్లెలి మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. అందరూ తలో రాయీ వేశారట, వాడు మాత్రం నిలువునా కరిగిపోయాడట, ఎంతైనా చెవి మెలేసి చదువు చెప్పిన చెయ్యి మరిచిపోలేదట. ఇంతకీ ఏమన్నాడు అని చెల్లెలు మొహం మీదికి వచ్చి అడిగింది. అక్క ఒక్క క్షణం తడుముకుని, మంచిమాటలేలే అంది.

సోమవారం పొద్దున డిక్టేషన్ పుస్తకం చంకన పెట్టుకుని గదికి వెళ్లేసరికి ఆవిడ కుర్చీ దగ్గర చిన్న టీచరు నిలబడి ఉంది. పిల్లలు లేచి నిలబడ్డారు కానీ ఎవరి వైపు తిరగాలో తెలియక దిక్కులు చూశారు. చిన్న టీచరు ఏదో చెప్పబోయి, ఆగి, శనివారం మీటింగు మినిట్స్ పుస్తకం తెరిచి ఆవిడ చేతికిచ్చింది. హెడ్మాస్టరు చేతిరాత, ఆవిడ దిద్దించిన గుండ్రటి రాతే. గుమ్మంలో నిలబడే చదివింది.

మూడో తరగతి టీచరుగారికి వినికిడి లేదని తాను మంగళవారం స్వయంగా గమనించానని, పిల్లలందరికీ ఈ సంగతి తెలుసని ఉంది. సోమవారం నుంచి వారు పుస్తకాల కొట్టు బాధ్యత చూస్తారని ఉంది. కింద ఇంకో పేరా. "చెవికి మిషన్ పెట్టించుకుంటానని ఒక్క మాట అంటే ఈ కాగితం చించేసి, నెల రోజులు సెలవిచ్చి, తరగతి వారికే ఉంచుతానని చెప్పి, వారి అభిప్రాయం అడిగాను. చెప్పేదేం లేదన్నారు. మరొక్కసారి ఆలోచించమని బతిమాలాను. మళ్లీ అదే చెప్పారు."

ఆవిడ ఆ పేరా మూడుసార్లు చదివింది. ఒక్క మాట. అడిగాడు, రెండుసార్లు అడిగాడు, బతిమాలాడు కూడా. వినపడలేదని చెబితే సరిపోతుంది, చేతిలో ఇంకా సోమవారం ఉంది. పుస్తకం పట్టుకుని విసవిసా హెడ్మాస్టరు గదికి నడిచింది. 

అక్కడ నలుగురు తల్లిదండ్రులున్నారు. ఆవిడ్ని చూడగానే అతను కుర్చీలోంచి లేచాడు. ఈసారి తల వంచుకోలేదు, ఎదురుగా నిలబడి మొహంలోకి చూస్తూ, నోరు పెద్దది చేసి, అక్షరం అక్షరం విడదీసి మాట్లాడాడు. ప్రతి మాటా ఆవిడకి అందింది.

"మా టీచరండీ. శనివారం ఈవిడ బతుకంతా ఒక్క మాటతో తీసేశాం. కన్ను చెమర్చలేదు, ఎదురు మాట్లాడలేదు. రెండుసార్లు అడిగినా నేను చెప్పేదేం లేదన్నారు. మంచిమాట ఎలా తీసుకోవాలో ఈ జన్మకి మాకు నేర్పారు."

తల్లిదండ్రులు గౌరవంగా లేచి నిలబడ్డారు. మీరేమైనా చెప్పడానికి వచ్చారా టీచర్ అని అతను అడిగాడు. అదీ అందింది. నోరు తెరిస్తే, వినపడలేదురా నాయనా, గొప్పా లేదు గిప్పా లేదు, నువ్వేమన్నావో నాకు ఒక్క ముక్క తెలియదు అని ఆ నలుగురి ముందూ ఒప్పుకోవాలి. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎన్ని వందల మందిని అలా నిలబెట్టిందో, ఆ చోట నిలబడటం ఎలాగో ఆవిడకే చేతకాలేదు. మినిట్స్ పుస్తకం బల్ల మీద పెట్టి, ఏం లేదని తల అడ్డంగా ఊపి, వచ్చేసింది.

పుస్తకాల కొట్టులో డ్రాయింగు మాస్టారి కుర్చీ ఇంకా అలాగే ఉంది, దిండుతో సహా. మొదటి గంట అవుతుండగా గుమ్మంలో వెలుతురికి ఏదో అడ్డం పడితే తల ఎత్తింది. నత్త. సుద్దముక్కల కోసం వచ్చింది. చిన్న టీచరు నిచ్చెన తీయలేదన్నమాట, ఎందుకు తీస్తుంది, హెడ్మాస్టరుకి ప్రాణం కదా అది.

ఆ పిల్ల పెదాలు కదిలాయి. ఆవిడ మామూలుగా డబ్బా వైపు చెయ్యి చాచి, ఆగిపోయింది. మొదటిసారి ఆ పిల్ల గొంతు వైపు చూసింది. గొంతు కదలడం లేదు.

ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. నత్త ఎప్పట్లాగే చాలాసేపు ఆలోచించి, నేలకి దిగిన మొదటి శనివారం నుంచే అన్నట్టు ఒక వేలు చూపించింది. ఆవిడకి కోపం ముంచుకొచ్చింది. ఆ మొదటి శనివారమే తెలిసి ఉంటే గుట్టుచప్పుడు కాకుండా డాక్టరు దగ్గరికి పోయేది, మిషన్ పెట్టుకునేది, జుట్టు కిందకి దువ్వి దాచుకునేది, ఇంకా రెండేళ్లు ఆ కుర్చీలోనే కూర్చునేది. పిల్ల భుజాలు పట్టుకుని కుదిపింది.

"అన్ని వారాలు నా పక్కనే కూర్చున్నావు కదే. ఒక్కసారి చెప్పొచ్చు కదా?"

నత్త బిత్తరపోయి చూసింది. తర్వాత, ఈసారి గొంతుతోనే చెప్పి ఉంటుంది, మెడ మీద నరం కదిలింది. మెల్లగా చెప్పింది కాబట్టి ఆవిడ పెదాల మీంచి ఒక్కో మాటా చదువుకోగలిగింది.

"నేల మీద ఉన్నవాళ్లు చెప్పకూడదు కదా టీచర్."

ఆవిడ చేతులు జారిపోయాయి. పిల్ల తనే డబ్బాలోంచి మూడు సుద్దముక్కలు లెక్కపెట్టుకుని తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి థాంక్స్ టీచర్ అంది. అందో, ఉత్త పెదాలు కదిపిందో, అప్పటికి ఆవిడ తల వంచుకుని ఉంది కాబట్టి తెలియలేదు.